సమస్యాపూరణం: "ఆవ లేక కలిపె నావకాయ"

నిర్వాహకులు:
ఈ వారం సమస్య వంటింటి నుంచే. ఆటవెలదిలో నాలుగో పాదం ఇస్తున్నాం.

ఆవ లేక కలిపె నావకాయ

మొదటి మూడు పాదాలు మీరు పూరించాలి. కొత్తగా చేరినవారి కోసం లక్షణం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే: గలం (UI), నగణం (III). ఇక్కడ U అంటే గురువు (రెండు మాత్రల అక్షరం), I అంటే లఘువు (ఒక మాత్ర అక్షరం). ఇంద్రగణాలు ఆరు: నగం (IIIU), సలం (IIUI), నలం (IIII), భ (UII), ర (UIU), త (UUI). ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో అది పొంతన కుదరాలి. ప్రాస నియమం లేదు.

సమస్య పాదాన్ని విడదీసి చూడండి. ఆవ, లేక, కలిపె, నావ, కాయ. 'కలిపెన్ + ఆవకాయ' కాబట్టి యతిస్థానంలో ఉన్నది నకారంతో కలిసిన 'ఆ'. పాదం మొదటి 'ఆ'తో చెల్లింది.

చిక్కు ఎక్కడుందో వంట తెలిసినవారికి చెప్పక్కర్లేదు. మానిక ముక్కలకు సోల ఆవపిండి, సోల కారం, మూడు గిద్దల ఉప్పు అనేది చాలా ఇళ్ళలో నడిచే లెక్క (మానికకు నాలుగు సోలలు, సోలకు నాలుగు గిద్దలు). అందులోంచి ఆవ తీసేస్తే మిగిలింది ఆవకాయ ఎలా అవుతుంది? ఛందస్సు కుదిరితే సగం పనే అయినట్టు. పద్యంలో చెప్పినట్టు కలిపితే జాడీలో పచ్చడి నిలవాలి. ఈసారి రెండూ చూస్తాం.

కరివేపరెమ్మ:

పెసరపప్పు దంచి పిండిగా జల్లించి
కారముప్పు నత్తగారు గొలిచి
పుల్లకాయముక్క పొడిబట్టతో నొత్తి
యావ లేక కలిపె నావకాయ

భావం: ఆవపిండి బదులు పెసరపిండి వేసి అత్తగారు పెసరావకాయ కలిపారు.

నిర్వాహకులు:
నిర్దోషం. యతులు పె–పి, కా–గా, పు–పొ. ఎ–ఇ, ఉ–ఒ మైత్రి తెలిసి వాడారు. 'పొడిబట్టతో నొత్తి' అన్న మాట నాకు బాగా నచ్చింది. కాయ కడిగేది ముక్క కొట్టకముందే. ముక్క కొట్టి, జీడి తీసి, టెంక లోపలి పొర ఒలిచాక మళ్ళీ నీళ్ళు తగలకూడదు. పొడిబట్టతో ఒత్తడమే. బూజు పట్టే పచ్చడి చాలావరకు అక్కడే చెడుతుంది.

తెనాలి చదువరి:
పూరణ బాగుంది. వంటలో ఒక్క మాట చేర్చాలి. పెసరపప్పును ఎర్రగా వేయించి దంచితే కందిపొడి వాసన వచ్చి, మామిడి పులుపు కింద పడిపోతుంది. పచ్చిపప్పునే రెండెండలు ఎండబెట్టి, చల్లారాక మెత్తగా పట్టించాలి. జల్లెడలో మిగిలిన రవ్వ వేయకూడదు. రవ్వ నూనెలో నానదు, తింటుంటే పళ్ళకి తగులుతుంది. పెసరపిండి నూనె బాగా పీలుస్తుంది కనుక మూడోనాడు తిరగకలిపేటప్పుడు మళ్ళీ పోసుకోవాలి. ఇది రెండు మూడు నెలల్లో తినేసే పచ్చడి. ఏడాది నిలవకి పెట్టేది కాదు.

కోనసీమ గాలి:

లంకతోట కాయ లావలి గట్టున
నుండిపోయె వరద, నొడ్డు చేర
రాక యూరి సంత రసపుకాయలె తెచ్చి
నావ లేక కలిపె నావకాయ

భావం: లంకలోని కాయలు అవతలి గట్టునే ఉండిపోయాయి. పడవ లేక, ఊరి సంతలో దొరికిన రసాలు తెచ్చి ఆవకాయ కలిపింది. 'ఆవ'ను 'నావ' చేశాను.

నిర్వాహకులు:
ఊహ చక్కనిది. గణాలు, యతులు సరిపోయాయి (లం–లా, ను–నొ, రా–ర). రెండు లోపాలు మాత్రం దిద్దుకోవాలి.

ఒకటి, సమస్య పాదంలో అక్షరం మార్చే హక్కు పూరించేవారికి లేదు. 'నావ' రావాలంటే ముందున్న పదం ద్రుతాంతమై (చివర 'న్' ఉన్నదై), ఆ నకారం సంధిలో దానంతటదే వచ్చి చేరాలి. 'తెచ్చి' క్త్వార్థం ('చేసి', 'వచ్చి' లాంటి అసమాపక క్రియ), దానికి ద్రుతం లేదు. అక్కడ వచ్చేది యడాగమం (మధ్యలో 'య' చేరడం), 'తెచ్చి యావ' అవుతుంది. 'తెచ్చె' అంటే తెచ్చెన్, అప్పుడు 'తెచ్చె నావ' సాధువు. గురులఘువులు మారవు.

రెండోది ఋతువు. గోదావరికి వరద వచ్చేది ఆషాఢ శ్రావణాల్లో. అప్పటికి ఆవకాయ జాడీలకు వాసెన కట్టేసి ఉంటారు. వైశాఖంలో పడవ ఆగిందంటే అది ఎండాకాలపు ఈదురుగాలికే. 'వరద' తీసి 'గాలి' పెట్టండి. నగణం పోయి గలం వస్తుంది, రెండూ సూర్యగణాలే కనుక పాదం చెడదు.

లంకతోట కాయ లావలి గట్టున
నుండిపోయె, గాలి నొడ్డు చేర
రాక యూరి సంత రసపుకాయలె తెచ్చె
నావ లేక, కలిపె నావకాయ

ఇప్పుడు 'నావ లేక' అన్నది సంతకాయలు తేవడానికి కారణమైంది, 'కలిపె నావకాయ' వేరే వాక్యమైంది. అన్వయం ముందుకన్నా బిగిసింది.

తెనాలి చదువరి:
రసాల ఎంపిక తప్పు కాదు. పీచు, పులుపు ఉన్న చిన్నరసం ఆవకాయకి పనికొస్తుంది. కాకపోతే టెంక ముదిరి ఉండాలి. టెంక పట్టని లేతకాయ ముక్క పదిహేను రోజులకే మెత్తబడి గుజ్జవుతుంది. కాయను కత్తిపీట మీద కొట్టినప్పుడు 'టక్' మని గట్టిగా తెగితే అది ముదురు.

పెరటి మొక్క:

మెంతులు వేయించి మెత్తగా దంచిన
పిండితోడ కారముప్పు జేర్చి
పప్పునూనె పోసి బాగుగా కలుపుచు
నావ లేక కలిపె నావకాయ

ఛందస్సులో కొత్త. తప్పులుంటే చెప్పండి.

నిర్వాహకులు:
కొత్తవారైనా ధార ఉంది. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి పాదం: మెంతు (UI) సరే. తర్వాత 'లువే' (IU). ఇది లగం, సూర్యగణం కాదు. తెలుగు పద్యంలో చాలామంది జారేది ఇక్కడే. మూడక్షరాల మాట గలంతో మొదలైతే మూడో అక్షరం లఘువుగా మిగిలి తర్వాతి గురువుతో జత కడుతుంది. రెండక్షరాల మాటలు వెతుక్కుంటే ఈ బాధ ఉండదు: 'మెంతిగింజ వేపి'. మూడు గలాలు వరసగా వచ్చాయి.

రెండో పాదం: గణాలు సరిపోయాయి, యతి తప్పింది. 'పి'కి 'ము' చెల్లదు. పు, ఫు, బు, భులకు ము చెల్లుతుందన్న నియమం ఉకారంతో ఉన్నప్పుడే. ఇక్కడ పకారానికి ఇత్వముంది. 'కారము + ఉప్పు' అని అచ్చుతో చూసినా ఇకారానికి ఉకారం పొసగదు.

మూడో పాదంలో ఛందోదోషం లేదు. 'కలుపుచు... కలిపె' అనడం పునరుక్తి. కలుపుతూ కలిపింది అంటే కొత్తగా చెప్పిందేమీ లేదు.

సవరణ ఇలా చేసుకోవచ్చు:

మెంతిగింజ వేపి మెత్తగా దంచిన
పిండి, కారముప్పు, పెద్దగిన్నె
లోన నూనె పోసి లోటు లేకుండగ
నావ లేక కలిపె నావకాయ

పి–పె, లో–లో. 'లేకుండగన్' ద్రుతాంతం కనుక 'నావ' సాధువే.

తెనాలి చదువరి:
పద్యం నిలిచింది. పచ్చడి నిలవాలంటే మెంతిపిండి కొలత మారాలి. ఆవపిండి పడేచోట అంతే మెంతిపిండి వేస్తే చేదుకి నోట పెట్టలేం. ఆవపిండి కొలతలో పావువంతు చాలు. అంటే మానిక ముక్కలకు గిద్దెడు. మెంతులు సన్నసెగ మీద ఎర్రబడగానే దించాలి. నల్లబడితే చేదు రెట్టింపు. పద్యంలో కొలత చెప్పే చోటు లేదు కాబట్టి భావంలో రాస్తే మంచిది. ఇంకొకటి: మెంతికాయకి చాలా ఇళ్ళలో ఇంగువ తాలింపు పెడతారు. ఆ తాలింపులో నాలుగు ఆవాలు చిటపటలాడాయంటే 'ఆవ లేక' అన్న మాట అబద్ధమవుతుంది. ఇంగువ, ఎండుమిర్చితో ఆపాలి.

ఓరుగల్లు:

పచ్చడేల చెడును? బామ్మ యెండల వేళ
జాడి తుడిచి యేమి చక్కబెట్టె?
అడుగ రెంటి కొక్క యడుగున బదులిది:
ఆవ లేక, కలిపె నావకాయ

నిర్వాహకులు:
ఈ వారం పూరణల్లో నన్ను ఆపి రెండోసారి చదివించింది ఇదే. సమస్యను విరిచి రెండు ప్రశ్నలకు రెండు జవాబులు చేశారు. 'పచ్చడేల చెడును?' అంటే 'ఆవ లేక'. 'బామ్మ ఏమి చక్కబెట్టె?' అంటే 'కలిపె నావకాయ'. చిక్కుముడిని పిండి మార్చి కాక, వాక్యం విరిచి విప్పారు. మూడో పాదంలో 'అడుగ', 'అడుగున' పక్కపక్కన పెట్టడం కూడా అందంగా ఉంది. యతులు ప–బా, జా–చ, అ–య. ఏ వంకా లేదు.

తెనాలి చదువరి:
శిల్పానికి నమస్కారం. 'పచ్చడేల చెడును? ఆవ లేక' అన్నది మాత్రం వంటలో సరిగా నిలవదు. ఆవఘాటు బూజును కొంత అడ్డుకుంటుంది, నిజమే. పచ్చడి చెడడానికి పెద్ద కారణాలు తడి, తగ్గిన ఉప్పు, ముక్కలు మునగని నూనె. పై పూరణల్లో ఆవ లేని పచ్చళ్ళు ఉన్నాయి కదా, అవి వెంటనే ఏమీ చెడవు. ఆవ లేకపోతే ముందుగా పోయేది ఘాటు.

ఆ ఘాటు సంగతీ చెప్పాలి. ఎండు ఆవపిండి నాలుక మీద వేసుకున్న తొలిక్షణంలో చేదే తప్ప ఘాటు తెలియదు. తడి తగిలాకే గింజలోని మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి, ముక్కుకెక్కే ఘాటునూనెను పుట్టిస్తుంది. ఆవకాయలో ఆ తడి ఇచ్చేది ఉప్పుకి మామిడిముక్క వదిలే ఊట. వేడి తగిలితే ఈ ఎంజైము చస్తుంది. అందుకే కాచిన నూనె పోసే ఇళ్ళలో దాన్ని పూర్తిగా చల్లార్చి పోస్తారు. ఆవాలు మిక్సీలో ఆపకుండా తిప్పినా పిండి వేడెక్కి ఘాటు తగ్గుతుంది. ఆపి ఆపి తిప్పాలి.

ఓరుగల్లు:
ఒప్పుకుంటున్నాను. మొదటి పాదం మారుస్తున్నాను:

ఘాటు తగ్గుటేల? గదిలోన మాయమ్మ
జాడి తుడిచి యేమి చక్కబెట్టె?
అడుగ రెంటి కొక్క యడుగున బదులిది:
ఆవ లేక, కలిపె నావకాయ

నిర్వాహకులు:
ఘా–గ యతి. 'గదిలోన' సలం, 'మాయమ్మ' తగణం. ఇప్పుడు పద్యం ఛందస్సులోనూ వంటలోనూ నిలుస్తుంది.

గడప పసుపు:

నువ్వులెండబెట్టి నూరిన పిండితో
చంటివాడు తినగ సాధురుచిని
కోరి కోడలడుగ, గొడవేల యని యత్త
యావ లేక కలిపె నావకాయ

నిర్వాహకులు:
'గొడవేల' అన్న ఒక్క మాటలో అత్తాకోడళ్ళ పొత్తు కనబడింది. ఛందస్సులో దోషం లేదు. దూరాన్వయం ఒకటుంది: 'పిండితో' అన్నది 'కలిపె'తో కలవాలి, మధ్యలో రెండు పాదాలు అడ్డొచ్చాయి. పొరపాటున చంటివాడు పిండితో తింటున్నట్టు వినబడుతుంది. 'పిండితో' తర్వాత కామా పెడితే కొంత నయం.

తెనాలి చదువరి:
నువ్వుపిండి కూడా పచ్చిదే వేయాలి. ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలి ముద్దకడుతుంది, ముక్కకి సమంగా అంటదు. నువ్వావకాయ నెల దాటాక కారువాసన పట్టే అవకాశం ఉంది కాబట్టి చిన్న జాడీతో సరిపెట్టాలి. చంటివాడి కోసమంటే ఆవ తీసేస్తే చాలదు, కారం కూడా సగానికి తగ్గించాలి. రంగు పోకూడదంటే ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ ఉండే వరంగల్ చపాటా మిరప మంచిది.

పెరటి మొక్క:
ఒక సందేహం. పెసర, మెంతి, నువ్వు వేసినవాటిని ఆవకాయ అనవచ్చా? సమస్య నిజంగా తీరినట్టేనా?

నిర్వాహకులు:
ఇళ్ళలో పెసరావకాయ, మెంతావకాయ, నువ్వావకాయ అంటూనే ఉన్నారు. పచ్చిముక్కను ఎండబెట్టకుండా, ఉడికించకుండా, పొడులూ నూనే పట్టించి ఊరనిచ్చే పద్ధతికి ఆ పేరు స్థిరపడింది. ముక్కను ఊరబెట్టి ఎండేస్తే మాగాయ, తురిమితే కోరుపచ్చడి. వాడుక ఉన్నంతవరకు పూరణకు బలముంది. వాడుకలో లేని పేరు కల్పించి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

కరివేపరెమ్మ:
ఉప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు. నా పద్యంలో 'కారముప్పు గొలిచి' అన్నాను. మూడు గిద్దలంటే ఏ ఉప్పు?

తెనాలి చదువరి:
ఎండబెట్టి దంచిన కల్లుప్పు. ప్యాకెట్ సన్నుప్పు అదే గిద్దలో ఎక్కువ బరువు పడుతుంది, కాబట్టి రెండున్నర గిద్దలు వేసి, మూడోనాడు తిరగకలిపేటప్పుడు రుచి చూసి చేర్చండి. ఆ రోజు ఊట కాస్త ఉప్పగానే ఉండాలి. ముక్క ఇంకా లోపలికి పీల్చుకోలేదు కనుక ఆ ఉప్పదనం తర్వాత తగ్గుతుంది. నూనె మానిక ముక్కలకు రెండు సోలలు. సగం కలిపిన రోజు, సగం మూడోనాడు. అప్పటికీ ముక్కల మీద వేలి మందాన నూనె తేలకపోతే ఇంకొంచెం పోయాలి.

నిర్వాహకులు:
ఈ వారానికి ఓరుగల్లు గారి సవరించిన పూరణ, కరివేపరెమ్మ గారి పూరణ ఉత్తమాలు. కోనసీమ గాలి గారి 'నావ' ప్రత్యేక ప్రశంసకు అర్హం. పెరటి మొక్క గారు వచ్చే వారం రెండక్షరాల మాటలతో మొదలుపెట్టి మళ్ళీ ప్రయత్నించండి.

వచ్చే వారం సమస్య, మళ్ళీ ఆటవెలదే:

పాలు పొంగి యిల్లు పాడు చేసె

గృహప్రవేశంలో పాలు పొంగితే శుభమని తూర్పు వైపు చూసే ఇంట్లో ఈ మాట ఎలా నిలబెడతారో చూద్దాం.