ఇంటి కరెంటుకు పగలొక రేటు, సాయంత్రమొక రేటు: ఒప్పుకుందామా, వద్దా?

కొర్లగుంట_వాసి

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కొన్ని రోజులుగా ఇదే గొడవ. స్మార్ట్ మీటర్ పెడితే వేళను బట్టి రేటు వస్తుందని ఒకరు భయపెడుతున్నారు, వస్తే మనకే లాభమని ఇంకొకరు వాదిస్తున్నారు. ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారని అడుగుతున్నా.

నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. కేంద్రం 2023 జూన్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. దాని ప్రకారం వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి టైమ్ ఆఫ్ డే రేట్లు, అంటే వేళను బట్టి మారే రేట్లు రావాలి. ఎండ ఉండే 8 గంటలు మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం తగ్గించాలి, పీక్ అవర్స్‌లో, అంటే వాడకం బాగా ఎక్కువుండే గంటల్లో, ఇళ్లకు కనీసం 10 శాతం పెంచాలి. నా బిల్లులో మాత్రం ఇంకా స్లాబులే ఉన్నాయి. రేపు ఎవరైనా వచ్చి "ఈ ప్లానా, ఆ ప్లానా?" అని అడిగితే ఏం చెప్పాలి?

మా ఇంట్లో మేమిద్దరం ఉద్యోగస్తులం, ఇద్దరు పిల్లలు, అమ్మ. నెలకు 300 యూనిట్లకు అటూ ఇటూ కాలుతుంది. ఒక ఏసీ, ఒక గీజర్, ఒక ఎలక్ట్రిక్ స్కూటర్.

రిటైర్డ్_ఏఈ_చిత్తూరు

ఒప్పుకోవాలి. ఎందుకో చెబుతాను.

మధ్యాహ్నం కరెంటు, రాత్రి 7 గంటల కరెంటు ఒకటి కావు. మీ గోడకున్న ప్లగ్గుకు తేడా తెలియదు గానీ మనకు కరెంటు సరఫరా చేసే డిస్కంకు బాగా తెలుసు. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, అనంతపురం, కడప వైపు ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నం వీటి నుంచి వచ్చేదానికి బొగ్గు ఖర్చు లేదు. పొద్దు గూకేసరికి అదంతా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఊరంతా లైట్లు, టీవీలు, ఏసీలు. ఆ గంటల్లో ముద్దనూరు ఆర్టీపీపీ, కృష్ణపట్నం బొగ్గు కరెంటు కేంద్రాలను గట్టిగా నడపాలి, చాలకపోతే కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజిలో కొనాలి. పగలు యూనిట్ రెండు మూడు రూపాయలకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే దొరికేది సాయంత్రం గరిష్ఠ పరిమితి 10 రూపాయల దాకా పోతుంది. అంత పెట్టి కొన్న కరెంటు భారం చివరికి ఎవరి మీద పడుతుంది? సర్దుబాటు ఛార్జీ అని యూనిట్‌కు 40 పైసలు బిల్లులో చూశారు కదా. సాయంత్రం ఏసీ వాడనివాళ్లు కూడా అది కట్టారు.

పెద్ద పరిశ్రమలకు మన రాష్ట్రంలో ఈ పద్ధతి ఏళ్ల తరబడి ఉంది. వాళ్లు షిఫ్టులు సర్దుకున్నారు. ఇళ్లు కూడా కొంత సర్దుకోవచ్చు.

తిరుచానూరు_అక్క

ఏఈ సార్, ఫ్యాక్టరీ షిఫ్టు మార్చుకుంటుంది. మా ఇంట్లో సాయంత్రం 6 నుంచి 10 వరకు ఏం జరుగుతుందో ఒకసారి చెప్పనివ్వండి.

పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేది ఆరున్నరకు. హాల్లో ఫ్యాను, లైటు, వాళ్ల గదిలో ఫ్యాను, లైటు. ఏడింటికి వంట, చట్నీకి మిక్సీ, ఇండక్షన్ స్టవ్ మీద పాలు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి స్నానం చేస్తారు, చలికాలమైతే గీజర్ కావాల్సిందే. ఎనిమిదికి మామయ్యగారికి నెబ్యులైజర్. మే నెలలో తిరుపతిలో రాత్రి 9 గంటలకు కూడా గోడలు కాలుతుంటాయి, కూలర్ లేకుండా ఎవరైనా అన్నం తినగలరా? ఇందులో ఏది మధ్యాహ్నానికి జరపమంటారు?

పీక్ అవర్స్ అని మీరు పేరు పెట్టిన నాలుగు గంటలే మా కుటుంబం అంతా ఒకచోట ఉండే సమయం. దానికి ఎక్కువ రేటు కట్టమనడం న్యాయం కాదు. పగలు తక్కువ రేటంటారు, పగలు ఇంటికి తాళం వేసి ఉంటే ఆ తక్కువ రేటు ఎవరికి?

లెక్కల_మాస్టారు

ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ ఎంత లాభం, ఎంత నష్టం అన్నది కాగితం మీద పెడితే గాని తేలదు. కొర్లగుంట తమ్ముడి 300 యూనిట్లే తీసుకుందాం.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఈ లెక్కన 300 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 1,673 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, సర్దుబాటు వేరే. సగటున యూనిట్ 5.58 పడింది.

స్లాబుల మీద వేళ రేటు ఎలా వేస్తారన్నది ఛార్జీలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి చేతిలో ఉంటుంది కాబట్టి, అంచనా కోసం సగటు రేటు మీదే వేస్తున్నా. 300లో 90 యూనిట్లు ఎండ గంటల్లో, 100 యూనిట్లు సాయంత్రం పీక్‌లో వాడారనుకోండి. కేంద్ర నిబంధనల్లో ఉన్న కనీస శాతాలతో అయితే పగలు 100 రూపాయలు తగ్గుతుంది, సాయంత్రం 56 పెరుగుతుంది. నెలకు 44 రూపాయలు మిగులు.

ఇదే ఇంటికి కేరళ పద్ధతి పెట్టి చూద్దాం. అక్కడ నెలకు 250 యూనిట్లు దాటిన ఇళ్లకు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు 10 శాతం తక్కువ, సాయంత్రం 6 నుంచి 10 వరకు 25 శాతం ఎక్కువ. పన్నెండు గంటల పగలు కాబట్టి 130 యూనిట్లు అందులో పడతాయనుకున్నా తగ్గేది 73, పెరిగేది 140. నెలకు 67 రూపాయలు నష్టం.

ఇల్లు అదే, మనుషులు అదే, వాడకం అదే. శాతాలు మారితే లాభం కాస్తా నష్టమైంది. కాబట్టి "టైమ్ ఆఫ్ డే మంచిదా చెడ్డదా" అని వాదించుకుంటే తెగదు. గంటలెన్ని, శాతమెంత అని అడగాలి.

శ్రీసిటీ_షిఫ్ట్

మాలాంటివాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి. నాది శ్రీసిటీలో నైట్ షిఫ్ట్. ఉదయం ఇంటికొచ్చి తొమ్మిదికి పడుకుంటే మూడింటికి లేస్తాను. వేసవిలో ఏసీ నడిచేదంతా ఎండ గంటల్లోనే. వాషింగ్ మెషిన్, ఇస్త్రీ, ట్యాంకుకు మోటారు అన్నీ మధ్యాహ్నమే. సాయంత్రం నేను బస్సులో ఉంటాను. నాకు ఈ ప్లాన్ రేపే ఇస్తే రేపే తీసుకుంటా. తిరుపతిలో ఆసుపత్రుల్లో, ఆర్టీసీలో, కొండ మీద షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లు ఎంతమంది లేరు? అందరికీ వద్దనడం కూడా న్యాయం కాదు కదా అక్కా.

తిరుచానూరు_అక్క

నేను నీకు వద్దనడం లేదు తమ్ముడూ, నువ్వు తీసుకో. నాకు తప్పనిసరి చేయొద్దంటున్నా. ఈ రెంటికీ తేడా ఉంది.

రిటైర్డ్_ఏఈ_చిత్తూరు

మాస్టారూ, మీ లెక్క బాగుంది, కానీ అందులో మనుషులు ఏమీ మార్చుకోలేదు. మార్చుకోవడానికే కదా ఈ రేట్లు. స్కూటర్ ఉంది కదా, సాయంత్రం ఏడింటికి ఇంటికి రాగానే ఛార్జింగ్ పెట్టే బదులు పదిన్నరకు పెట్టండి. తెల్లారేసరికి నిండుతుంది. గీజర్ పొద్దున. అపార్ట్‌మెంట్ సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు మధ్యాహ్నం వాచ్‌మన్ వేస్తాడు. ఇవేవీ కష్టాలు కావు.

అక్కయ్యగారికి ఇంకో మాట. వేళ రేటు వద్దంటే సాయంత్రం కరెంటు చవక అయిపోదు. ఆ ఖర్చు అందరి మీదా సమానంగా పంచుతారు, అంతే. నెలకు 70 యూనిట్లు వాడే చిన్న ఇల్లు కూడా రెండు ఏసీల ఇంటి పీక్ ఖర్చులో వాటా మోస్తుంది. అది న్యాయమా?

లెక్కల_మాస్టారు

స్కూటర్ లెక్క: రోజుకు ఒక యూనిట్ చొప్పున నెలకు 30 యూనిట్లు పదింటి తర్వాతకు జరిపితే, కనీస శాతంతో 17 రూపాయలు, కేరళ శాతంతో 42 రూపాయలు తగ్గుతుంది. చేయొచ్చు, మీట నొక్కడమే కాబట్టి.

అయితే గీజర్ పొద్దున అన్నారు, అక్కడ జాగ్రత్త సార్. పరిశ్రమల రేట్లలో ఉదయం 6 నుంచి 10 కూడా పీక్‌లోనే ఉంది. ఇళ్లకు కూడా అలాగే పెడితే గీజర్, మిక్సీ, స్కూలు హడావుడి అంతా పీక్‌లోకి పోతుంది. అప్పుడు నా మొదటి లెక్క నిలవదు. కేంద్ర నిబంధనల్లో పీక్ గంటలు ఎండ గంటలను మించకూడదని మాత్రమే ఉంది. అంటే 8 గంటల దాకా పీక్ పెట్టే వీలుంది.

పలమనేరు_పాడి

మా వైపు నుంచి ఒక మాట. వ్యవసాయానికి రాత్రి త్రీఫేజ్ ఇచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. కరెంటు ఒంటిగంటకు వస్తే ఒంటిగంటకు టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరికి పోవాలి. గట్టు మీద పాములు, తడి చేతులతో స్టార్టర్ బాక్సు. ఇప్పుడు పగలే 9 గంటలు ఇస్తున్నారు, ప్రాణం కుదుటపడింది. డిస్కంకూ మేలే, సోలార్ కరెంటు బోర్లకు పోతోంది. వేళ మార్చడమంటే నాకు తెలిసింది ఇదీ. మనిషికి వీలయిన వేళకు కరెంటు వచ్చింది.

మీరు చెప్పేది తలకిందులు. కరెంటుకు వీలయిన వేళకు మనిషి రావాలంటున్నారు. మా ఇంటి పక్కన షెడ్డులో నాలుగు ఆవులు. సాయంత్రం పాలు పిండేది ఆరింటికి, కేంద్రానికి పోసేది ఏడింటికి. లైట్లు, నీళ్ల మోటారు అప్పుడే. ఆవు చేపు వచ్చే వేళ బిల్లు చూసి మారదు.

తిరుచానూరు_అక్క

అన్నా, బాగా చెప్పారు. ఇంకొకటి కూడా ఎవరూ మాట్లాడటం లేదు. "మార్చుకోండి" అంటే ఇంట్లో మార్చుకునేది ఎవరు? పిండి మధ్యాహ్నం రుబ్బు, బట్టలు మధ్యాహ్నం ఉతుకు, ఇస్త్రీ మధ్యాహ్నం చెయ్యి. వంట తర్వాత కాస్త నడుం వాల్చే రెండు గంటలు ఇంట్లో ఉన్న ఆడమనిషివే పోతాయి. కొర్లగుంట తమ్ముడింట్లో అయితే వాళ్లమ్మగారివి.

లెక్కల_మాస్టారు

అక్కయ్య అన్నదానికి అంకెలు కూడా తోడున్నాయి. టేబుల్ టాప్ గ్రైండర్ 150 వాట్లు అనుకోండి. అరగంట ఆడితే యూనిట్‌లో పదో వంతు కూడా కాలదు. నెలంతా మధ్యాహ్నం రుబ్బినా మిగిలేది మూడు నాలుగు రూపాయలే. దానికోసం పెద్దావిడ నిద్ర చెడగొట్టొద్దు. హీటర్ లేని వాషింగ్ మెషిన్ కూడా అంతే, చిన్న లెక్క. జరపదగ్గవి గీజర్, ఏసీ, ఇస్త్రీ, మోటారు, స్కూటర్. వేడి చేసేవి, చల్లబరిచేవి, నీళ్లు ఎత్తేవి. మిగతావి ఎప్పుడు వేసినా ఒకటే.

ఇక అసలు సంగతి. 300 యూనిట్ల బిల్లులో చివరి 75 యూనిట్లకే 656 రూపాయలు, అంటే దాదాపు నలభై శాతం. డబ్బంతా అక్కడుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే రోజుకు 2.16 యూనిట్లు తగ్గుతాయి, నెలకు 65. అవి 8.75 స్లాబులోవి కాబట్టి 568 రూపాయలు మిగులు. వేళ రేటులో 44 రూపాయల కోసం ఇంత తర్జనభర్జన పడుతున్నాం, ఫ్యాన్ల మాట ఎవరూ ఎత్తలేదు.

శ్రీసిటీ_షిఫ్ట్

మాస్టారూ, ఇంటిపైన సోలార్ పెట్టుకున్నవాళ్ల సంగతి? మా అన్న కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు పెట్టాడు, 78 వేలు సబ్సిడీ వచ్చింది.

లెక్కల_మాస్టారు

వాళ్లు మాత్రం సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు అడగాలి. 3 కిలోవాట్లకు ఎండ బాగున్న రోజు 12 యూనిట్ల దాకా వస్తుంది. పగలు లైనుకు పంపిన యూనిట్‌ను సాయంత్రం వాడిన యూనిట్‌కు సరికి సరి కొట్టేస్తే మంచిదే. ఏ వేళ యూనిట్ ఆ వేళకే అంటే, పగటి యూనిట్లు తక్కువ రేటుకు పోయి సాయంత్రం యూనిట్లు ఎక్కువ రేటుకు కొనాల్సి వస్తుంది. పెట్టుబడి తిరిగొచ్చే లెక్క మారిపోతుంది.

రిటైర్డ్_ఏఈ_చిత్తూరు

ఫ్యాన్ల విషయం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. సాయంత్రం 6 నుంచి 10 మధ్య తిరిగే ఫ్యాన్లు కూడా అవే కాబట్టి పీక్ కూడా తగ్గుతుంది.

స్మార్ట్ మీటర్ మీద ఉన్న ఒక భయం తీర్చాలి. అదే 2023 సవరణలో ఇంకో రెండు మాటలున్నాయి. మీటర్ పెట్టాక లోడు (ఒకేసారి లాగే కరెంటు) ఎక్కువ నమోదైందని, పెట్టకముందు కాలానికి జరిమానా వేయకూడదు. ఏడాదిలో కనీసం మూడుసార్లు మంజూరైన లోడు దాటితేనే లోడు పెంచాలి. ఎవరైనా వేరే చెబితే ఈ నిబంధన చూపించండి.

వేళ రేటు మీద నా అభిప్రాయం మారలేదు. సాయంత్రం కరెంటు ఖరీదైనదని జనానికి తెలియాలి. కానీ తప్పనిసరి చేసేముందు కొన్ని నెలలు పాత పద్ధతి బిల్లూ, కొత్త పద్ధతి బిల్లూ ఒకే కాగితం మీద పక్కపక్కన చూపించాలి. పాతది కట్టించుకోవాలి, కొత్తది చూపించాలి. స్మార్ట్ మీటర్ రీడింగు రోజూ సర్వర్‌కు చేరుతుంది కాబట్టి ఇది చేయలేని పని కాదు.

తిరుచానూరు_అక్క

అలా చేస్తే నేనూ చూస్తాను సార్. చూశాక వద్దనుకుంటే వద్దనే వీలు కూడా ఉండాలి. నెలకు 225 యూనిట్ల లోపు ఇళ్లను దీని జోలికి రానివ్వకూడదు.

కొర్లగుంట_వాసి

అందరికీ థ్యాంక్స్. మాస్టారి మాట విని మొన్న ఒక రోజంతా మీటర్ చూసి రాశాం, పగటి రీడింగులు అమ్మే తీసింది. ఉదయం 6 నుంచి 9 వరకు 1.3 యూనిట్లు, 9 నుంచి సాయంత్రం 5 వరకు 2.4, 5 నుంచి 6 వరకు 0.4, 6 నుంచి 10 వరకు 2.9, రాత్రి 10 నుంచి తెల్లవారి 6 వరకు 3.2. ఏసీ ఎక్కువగా నడిచేది పదింటి తర్వాతే. అంటే మా పెద్ద ఖర్చు అటు రాయితీలోనూ లేదు, ఇటు పీక్‌లోనూ లేదు. మాస్టారి పద్ధతిలో కనీస శాతాలతో వేస్తే నెలకు 32 రూపాయలు లాభం, కేరళ శాతాలతో 53 రూపాయలు నష్టం.

ఇప్పటికైతే స్లాబులతోనే ఉంటామని గ్రూపులో చెప్పాను. స్కూటర్ ఛార్జింగ్ పదిన్నరకు మార్చాం. ముందు హాల్లో, పిల్లల గదిలో ఫ్యాన్లు మారుస్తున్నాం.

ఏటా ఛార్జీల మీద విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది కదా, అభ్యంతరం ఎవరైనా రాసి పంపొచ్చు. రెండు బిల్లులు పక్కపక్కన చూపాలి, ఇష్టపడినవాళ్లకే ఇవ్వాలి, ఇళ్లకు ఉదయం పీక్ పెట్టకూడదు, సోలార్ యూనిట్లు సరికి సరి కొట్టాలి. ఈ నాలుగూ రాసి అపార్ట్‌మెంట్ తరఫున పంపుదామనుకుంటున్నాం. ఏఈ సార్, డ్రాఫ్ట్ ఇక్కడ పెడితే ఒకసారి చూసిపెడతారా?

రిటైర్డ్_ఏఈ_చిత్తూరు

పెట్టండి, చూస్తాను. మీటర్ రీడింగులు కూడా అందులో చేర్చండి. ఇంకో పది ఇళ్లవి రాయించగలిగితే మరీ మంచిది, ముఖ్యంగా పగలు తాళం వేసి ఉండే ఇళ్లవి.