జువెనైల్ బోర్డు మెంబర్లకు ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది? (అసలు సోషల్ వర్కర్లు ఆ కుర్చీలో ఉండాలా?)

పెన్నాతీరం:
ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేశాను, చాలాకాలంగా పిల్లలతోనే పని. నేరం చేశారన్న 18 ఏళ్లలోపు పిల్లల కేసులు వినే జువెనైల్ జస్టిస్ బోర్డులో సోషల్ వర్కర్ మెంబర్‌గా అప్లై చేద్దామని ఉంది. మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు మెంబర్లు ఉంటారు, అందులో ఒకరు మహిళ అయి తీరాలి, ఏడేళ్ల అనుభవం అడుగుతారు. ఇంతవరకు తెలుసు. నియమించిన 60 రోజుల్లోపు మేజిస్ట్రేటుతో సహా అందరికీ ట్రైనింగ్ ఇవ్వాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉంది. కానీ అంతకంటే ముందే నేర్చుకునే దారి ఏమైనా ఉందా? ఎవరైనా చేసినవాళ్లు చెప్పండి.

ఎర్రబస్సు:
ట్రైనింగ్ సంగతి తర్వాత మేడమ్. పుణెలో ఏం జరిగింది? 2024 మే 19న పదిహేడేళ్లవాడు పోర్షే కారుతో గుద్ది ఇద్దరు ఇంజినీర్లను చంపితే, మీరు అప్లై చేస్తానంటున్న ఆ సోషల్ వర్కర్ కుర్చీలో ఉన్న మనిషే అదే రోజు బెయిల్ ఇచ్చి 300 పదాల వ్యాసం రాసుకురమ్మన్నాడు. మా స్కూల్లో హోంవర్కు చేయకపోతే ఇంతకంటే పెద్ద శిక్ష వేసేవాళ్లు. జడ్జి పని జడ్జి చేయాలి.

లాయరమ్మ_ఓరుగల్లు:
మళ్లీ ఆ 300 పదాలే. బోర్డు సిట్టింగ్ లేని రోజు ఒక్క మెంబర్ ముందు హాజరు పరచొచ్చని చట్టమే చెబుతోంది. ఆ రోజు ఆదివారం. పైగా బాలల చట్టంలో బెయిలే మామూలు పద్ధతి, లోపల ఉంచాలంటేనే కారణం రాయాలి. తుది ఉత్తర్వుకు మాత్రం మేజిస్ట్రేటుతో కలిపి కనీసం ఇద్దరు ఉండాలి. వ్యాసంతో పాటు 15 రోజులు ట్రాఫిక్ పోలీసులతో పని, తాగుడుకు కౌన్సెలింగ్ కూడా ఆ ఆర్డరులో ఉన్నాయి, అవి ఎవరికీ గుర్తుండవు.

ఎర్రబస్సు:
ఉన్నా లేకపోయినా, అంత కరెక్టు ఆర్డరైతే ఆ ఇద్దరు మెంబర్లను మహారాష్ట్ర ప్రభుత్వం ఎందుకు తీసేసింది?

సుబ్బు_కాకినాడ:
పాయింటే.

మాజీ_మెంబర్:
పెన్నాతీరం గారూ, నేను ఒక జిల్లాలో మూడేళ్లు చేశాను. మాకు ట్రైనింగ్ అంటే రెండు రోజులు, ప్రొజెక్టరు మీద సెక్షన్లు, మధ్యలో భోజనం, చివర్లో ఫోటో. అప్పటికే నేను బెంచ్ మీద కూర్చుని చాలా వారాలైంది. సెక్షన్లు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చండీ. ఎవరూ నేర్పనిది ఏంటంటే, పిల్లాడి ఇల్లు, పరిస్థితులు విచారించి ప్రొబేషన్ ఆఫీసరు ఇచ్చే సామాజిక నివేదికను చదవడం. పిల్లాడిని తెచ్చిన 15 రోజుల్లో అది రావాలి. ఒకసారి మూడు కేసుల నివేదికలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే మూడింట్లోనూ "తండ్రి తాగుడుకు బానిస, తల్లి కూలి, చుట్టుపక్కలవారి అభిప్రాయం సంతృప్తికరం" అని ఒకే వాక్యం, అందులో "సంతృప్తి"కి ఒకే అక్షరదోషం. వాళ్లలో ఒక పిల్లాడికి తండ్రే లేడు. మేజిస్ట్రేటు గారికి కోర్టులో వేరే పని బోలెడు, ఆయన అది పట్టుకోలేరు, పట్టుకోవాల్సింది మనమే. మీకు నిజంగా ముందే నేర్చుకోవాలని ఉంటే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సంవాద్ అని ఒక విభాగం ఉంది, పిల్లల మానసిక ఆరోగ్యం మీద బోర్డుల వాళ్లకు, హోముల్లో పనిచేసేవాళ్లకు శిక్షణ ఇస్తారు. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పెన్నాతీరం:
థాంక్యూ సార్. ఈ మొత్తం థ్రెడ్‌లో నేను అడిగినదానికి వచ్చిన మొదటి జవాబు.

డాలస్_తెలుగోడు:
ఇక్కడి టీన్ కోర్టుల గురించి ఎవరూ మాట్లాడట్లేదే. మా టెక్సాస్‌లో ఒడెస్సా అనే ఊళ్లో 1983 నుంచి ఉంది. చిన్న కేసుల్లో లాయర్లూ జ్యూరీ అందరూ హైస్కూలు పిల్లలే, జడ్జి మాత్రం పెద్దాయన. పిల్లాడు అమ్మానాన్నలతో వచ్చి ముందే ఒప్పుకోవాలి, లేదా ఆరోపణను ఎదిరించి వాదించనని చెప్పాలి. తర్వాత సామాజిక సేవ, క్షమాపణ ఉత్తరం, ఇంకొకరి కేసులో జ్యూరీగా కూర్చోవడం, ఇలా వేస్తారు. గడువులో పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు. మా అమ్మాయి వాలంటీరు. కేసు వాదించే ముందు ట్రైనింగ్ అయింది, విన్నది బయట చెప్పనని ప్రమాణం చేయించారు. అలాస్కా యాంకరేజ్‌లో ఇంకా గట్టిగా ఉంటుంది, పిల్లలు క్లాసులకు వెళ్లి, లాయర్లు రాసే బార్ పరీక్ష లాంటిది పాసవ్వాలి. మన దగ్గర పెద్దవాళ్లకు రెండు రోజులా!

సుబ్బు_కాకినాడ:
అమెరికాలో అన్నీ బాగుంటాయి అన్నా.

లాయరమ్మ_ఓరుగల్లు:
మీ టీన్ కోర్టుకు వచ్చేవి సిగరెట్లు, చిల్లర దొంగతనాలు, స్కూల్లో తన్నులాటలు. ఇక్కడ బోర్డు ముందుకు హత్య కేసు కూడా వస్తుంది. 16 దాటినవాడు ఘోర నేరం చేశాడంటే, అంటే కనీస శిక్ష ఏడేళ్లున్న నేరమైతే, వాడిని పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్న ప్రాథమిక అంచనా కూడా బోర్డే వేయాలి. బెంచ్ మీద పిల్లల మనస్తత్వం చదివినవారు లేకపోతే సైకాలజిస్టు సాయం తీసుకోవడం తప్పనిసరి అని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మీ అమ్మాయి ప్రమాణం సంగతి బాగానే ఉంది గానీ రెండూ ఒక గాటన కట్టకండి. ఆ వాలంటీరు పని కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి కూడా పనికొస్తుంది కదా.

డాలస్_తెలుగోడు:
అంత మాట ఎందుకండీ. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే ఇక్కడి పరిశోధన సంస్థ 2002 నివేదికలో నాలుగు రాష్ట్రాల టీన్ కోర్టులను చూసింది. అలాస్కాలో టీన్ కోర్టుకు వెళ్లినవాళ్లలో ఆరు నెలల్లో మళ్లీ కేసులో ఇరుక్కున్నది 6 శాతం, మామూలు దారిలో వెళ్లినవాళ్లలో 23 శాతం. కాలేజీ అప్లికేషన్ కోసం వచ్చే అంకెలు కావు ఇవి.

మాజీ_మెంబర్:
అదే నివేదికలో మేరీల్యాండ్ కూడా ఉంది సార్. అక్కడ టీన్ కోర్టు పిల్లల్లో 8 శాతం, పోలీసులే కోర్టుకు పంపకుండా నడిపిన కార్యక్రమంలో 4 శాతం. తేడా చిన్నదే, గట్టిగా ఏమీ తేల్చలేమన్నారు. కానీ ఆ పోలీసు కార్యక్రమంలోనూ పిల్లలను పట్టించుకున్నారు. పట్టించుకుంటే చాలేమో, జ్యూరీ వేషాలు అక్కర్లేదేమో అని నా అనుమానం.

ఎర్రబస్సు:
అలాస్కా, మేరీల్యాండ్, బాగుంది. మా తమ్ముడి సంగతి వినండి. పదహారేళ్లవాడు బుల్లెట్ మీద రాంగ్ రూట్‌లో వచ్చి గుద్దాడు. తొడ ఎముకకు రాడ్డు వేశారు, ఎనిమిది నెలలు డ్యూటీ లేదు. కేసు బోర్డుకు వెళ్లింది. ఏమైందని స్టేషన్‌కు వెళ్తే బోర్డును అడగమన్నారు, బోర్డుకు వెళ్తే లోపలికి రానివ్వలేదు, పిల్లల వివరాలు రహస్యం అన్నారు. చివరికి కౌన్సెలింగ్ ఇచ్చి పంపేశారని ఆ కుర్రాడి వీధిలోవాళ్లు చెబితే తెలిసింది. ఇప్పుడు చెప్పండి, ఏ ట్రైనింగ్ ఇస్తే ఇది మారుతుంది?

లాయరమ్మ_ఓరుగల్లు:
బాధ అర్థమైంది. కానీ నేను చూసేది ఇంకోవైపు. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో ఒక పిల్లాడు, జామీనుకు వచ్చే మనిషి లేక నెలల తరబడి హోమ్‌లో ఉన్నాడు. బోర్డు విచారణ నాలుగు నెలల్లో తేలాలి, ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు, చిన్న నేరమైతే అప్పటికీ తేలకపోతే కేసే ఆగిపోవాలి. వాడి తల్లికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. పుణె కుర్రాడికి ఆదివారం పూట గంటల్లో బెయిల్ దొరికింది. మీకు కోపం వచ్చింది ఆ కుర్రాడి మీద, శిక్ష పెంచమంటే పడేది మా వాడి మీద.

ఎర్రబస్సు:
అదిగో, "మా వాడు". దొంగతనం చేసినవాడు మీ వాడయ్యాడు. కాలు విరిగినవాడు ఎవరి వాడు? అందరూ పిల్లాడి భవిష్యత్తు, పిల్లాడి మనసు అంటారు. ఆ గదిలో మా తరఫున ఒక్కరైనా ఉన్నారా అని అడిగితే సెక్షన్లు చెప్తారు. సోషల్ వర్కరు వద్దు అన్నది అందుకే. జడ్జి అయితే కనీసం రెండువైపులా వింటాడు.

పెన్నాతీరం:
అంటే మీకు ట్రైనింగ్ గురించి గానీ సోషల్ వర్కర్ల గురించి గానీ గొడవే లేదు. మిమ్మల్ని ఎవరూ పిలవలేదన్నది గొడవ. మొదటి పోస్టులోనే అనొచ్చుగా.

ఎర్రబస్సు:
మీరు ఎలాగైనా అనుకోండి.

మాజీ_మెంబర్:
తమ్ముడూ, ఒక్క సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా బండి ఓనరు మీదే కేసు, మూడేళ్ల వరకు జైలు, 25 వేలు జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. సెక్షన్ 199ఏ. అది బోర్డులో నడిచే కేసు కాదు. మీ ఎఫ్ఐఆర్‌లో ఉందేమో చూశారా? నష్టపరిహారం క్లెయిమ్ కూడా వేరే ట్రైబ్యునల్‌లో వేసుకోవాలి.

ఎర్రబస్సు:
క్లెయిమ్ వేశాం, నడుస్తోంది. 199ఏ లేదు. ఈ ముక్క బోర్డు బయట అన్నిసార్లు నిలబడ్డప్పుడు ఒక్కరూ చెప్పలేదు చూడండి.

డాలస్_తెలుగోడు:
ఇక్కడైతే క్షమాపణ ఉత్తరం శిక్షలోనే భాగం.

ఎర్రబస్సు:
ఉత్తరం వద్దు బ్రదర్. వాడు వాళ్ల నాన్నతో ఒకసారి మా ఇంటికొచ్చి మావాడి ఎదురుగా కూర్చోవాలి. అంతే.

లాయరమ్మ_ఓరుగల్లు:
దానికి నేను ఒప్పుకోను. పదహారేళ్లవాడిని బాధితుడి ఇంటికి పంపితే బంధువులంతా చుట్టూ చేరతారు, ఊరంతా ముఖం చూస్తుంది. పేరు బయటికి రాకూడదన్న నియమం ఉన్నది అందుకే.

మాజీ_మెంబర్:
ఇంటికి వద్దు మేడమ్, బోర్డు గదిలోనే కూర్చోబెట్టొచ్చు, ముగ్గురం పక్కనుండగా. ఎత్తు వేదిక, బోను ఉండకూడదని రూల్సులోనే ఉంది, ఎదురెదురుగా కూర్చునే గదే అది. ఇద్దరూ ఇష్టపడితేనే. నేను ఒక కేసులో చేయించాను, మా మేజిస్ట్రేటు గారు మాత్రం రెండోసారి వద్దన్నారు.

లాయరమ్మ_ఓరుగల్లు:
మీ మేజిస్ట్రేటు గారే కరెక్టు. ముగ్గురు పెద్దవాళ్ల ముందు "ఇష్టమేనా" అని అడిగితే ఏ పిల్లాడు కాదంటాడు?