సమస్యాపూరణం: “గాటు మానెనేని కరువు వచ్చు”

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. గాటు, మానె, నేని, కరువు, వచ్చు: ఐదూ సూర్యగణాలే. యతి గా–క. “గాయము” అని పెడితే సొగసుగా ఉండేది గానీ, “గాయ మానె” అన్నప్పుడు “ము” జారిపోతుంది, అందుకే “గాటు”. పుండు మానితే సంతోషించాలి, కరువెట్లా వస్తుంది? అదే చిక్కు. సందర్భం మాత్రం తప్పకుండా పాత కల్లు మండువ (కల్లు పోసే చోటు) కావాలి. తాటివనం అంచున తడకల పందిరి, వరుసగా లొట్లు (కల్లు కుండలు), కల్లు తాగే తాటాకు రేకలు, గుడాల (ఉడికించిన శనగల) గంప: వీటిలో ఏదైనా తీసుకోండి. ఓరుగల్లు దిక్కు మాట పడితే మరీ మంచిది. ఛందస్సు ఎట్లా చూస్తామో గీత పని (కల్లు గీయడం) కూడా అట్లాగే చూస్తాం. పూరణల ముందున్నవి కలం పేర్లు.

మోకు–ముత్తాదు:

గెలను పలుచ పలుచ గీసి లొట్టిని గట్ట
చుక్క చుక్క గూడి సుర యొలుకును
ఒక్క పూట కత్తి యూరకున్నను జాలు
గాటు మానెనేని కరువు వచ్చు

పరకాల పద్యం:
అన్నా, చిక్కు మొదటి పూరణతోనే విడిపోయింది. “ఒక్క” దగ్గర “యూర” యతి (ఒ–ఊ) బాగా కుదిరింది. ఒక్క పట్టింపు: “గట్ట” అంటే “కట్టన్”, ద్రుతాంతం (చివర “న్” ఉన్న మాట). తర్వాత “జుక్క” రావాలి కదా?

నిర్వాహకుడు:
రావాలి. “జుక్క” అన్నా జు–సు యతి చెడదు కాబట్టి ఎట్లైనా రాసుకోవచ్చు. నాకు నచ్చింది మూడో పాదం. తాటికి రోజూ పొద్దున, మాపున కత్తి పడాల్సిందే. ముందు గెలను మెత్తగా నలిపి, విచ్చిపోకుండా బిగించి కట్టి, ఆ తర్వాతే కొసను చెక్కడం మొదలుపెడతారు. నలపకుండా కోస్తే గెల తడుస్తుందే తప్ప పారదు. పూట తప్పితే కోసిన మొహం మీద జిగురు ఎండి దారి మూసుకుంటుంది. మళ్లీ పారించాలంటే ఎండిన మేర అంతా తీసేయాలి, అంత గెల నష్టం. “పలుచ పలుచ” అన్న మాట అందుకే బరువైనది. ఉల్లిపొర మందాన తీస్తే గెల ఎక్కువ రోజులు వస్తుంది, దళసరిగా తీస్తే తొందరగా మొదలుకొస్తుంది. మొద్దు కత్తి అయితే గెలను కోయదు, చిదుముతుంది. చిదిమిన చోటు కూడా మూసుకుపోతుంది.

కొత్త కలం:

సున్నమద్ది లొట్టి చెట్టున గట్టిన
నురుగు పొంగు కల్లు నోరు నింపు
మండువందు నాటి మాటలు మఱువము
గాటు మానెనేని కరువు వచ్చు

పరకాల పద్యం:
తమ్మీ, రెండో పాదం చక్కగా ఉంది, ను–నో. మొదటి పాదంలో యతి తప్పింది. స, చ హల్లులకు మైత్రి ఉన్నా ఉ, ఎ అచ్చులకు లేదు. ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) అనుకుందామంటే న్న, ట్ట కలవవు. “మండువందు” కూడా ఇరికించినట్టుంది, “మండువయందు” అనాలి. వీటన్నిటికంటే పెద్ద లోపం, సమస్య అసలు తీరలేదు. మూడు పాదాలు మండువలో, నాలుగోది వేరే ఊళ్లో. ఏ గాటు? ఎవరికి కరువు?

మోకు–ముత్తాదు:
యతిని మించిన తప్పు ఇంకోటుంది. సున్నం రాసిన లొట్టిలో నురుగు పొంగదు తమ్మీ! తాటి రసంలో చక్కెర సుమారు 10–12 శాతం. ఆ తీపిని ఈస్ట్ తింటేనే నురుగు, మత్తు. సున్నం ఉంటే రసం క్షారంగా ఉండి ఈస్ట్ లేవదు, తియ్యగా నీరాగానే దిగుతుంది. కల్లు కావాలంటే వట్టి లొట్టే కట్టాలి. అదీ నిన్నటి మడ్డి పోయేదాకా కడిగింది. మడ్డి మిగిలితే దించేసరికే పులుపెక్కుతుంది, పొద్దటి కల్లు మధ్యాహ్నానికే నోరు తిప్పుతుంది.

నిర్వాహకుడు:
సరుకు మంచిదే, వాడిన తీరే తప్పింది. తమ్ముడి సున్నాన్ని పారేయకుండా ఇట్లా తిప్పి చూద్దాం:

సున్నమద్ది కట్ట సుర గాదు నీరయే
వట్టి లొట్టి గట్ట వచ్చు నురుగు
రెంటికైన తల్లి రెమ్మ గాటొక్కటే
గాటు మానెనేని కరువు వచ్చు

“రెమ్మ” యతి కోసం తెచ్చుకున్నదే, ఒప్పుకుంటా. పోద్దాటి (మగ తాటి) గెల వేళ్లలాగా చీలి ఉంటుంది కాబట్టి మరీ అబద్ధం కాదు.

గుడాల గంప:

ఎల్లిపాయ కార మెక్కు గుడాలకై
సీస పట్టినోళ్ళు చెంత జేరు
చప్పిడైన గంప సాయంత్ర మట్లుండు
గాటు మానెనేని కరువు వచ్చు

పరకాల పద్యం:
అక్కా, దెబ్బకు దారి మార్చేశారు! పుస్తకంలో “ఘాటు” అయినా మన నోట్లో గాటే. చ–సా, సీ–చె యతులు సాఫీగా ఉన్నాయి. “పట్టినోళ్ళు” వ్యావహారికం, ఆటవెలదిలో అదే అందం. మరి ఆ “ఎక్కు” ఎట్లా ఎక్కుతుందో కూడా చెప్పాలి.

గుడాల గంప:
శనగలు రాత్రే నానాలి. సగం ఉడికాక ఉప్పు, వేళ్ల మధ్య నలిగే పదునులో నీళ్లు వార్చాలి. కిలో శనగలకు ఒక పెద్ద ఎల్లిగడ్డ, మూడు చెంచాల కారం కచ్చాపచ్చాగా దంచి, పొగలు పోకముందే కలపాలి. చల్లారినంక కలిపితే కారం గింజకు పట్టదు, గంప అడుగుకు రాలుతుంది. పైన తిన్నవాడికి చప్పిడి, అడుగున తిన్నవాడికి మంట. నీళ్లు సరిగ్గా వార్చకపోతే ఆకు డొప్ప తడిసి చినుగుతుంది.

ఈతవనం:
అందరూ తాటి చుట్టే తిరుగుతున్నారు. ఈతకు ఈ సమస్యే తలకిందులు. ఈతకు గెల గీయరు, మొవ్వు కింద కాండాన్ని చెక్కుతారు. చలికాలంలో కొన్నాళ్లు గీసి, కొన్నాళ్లు ఆరనిస్తారు. ఆరనివ్వకపోతే చెట్టు నీరసించి ఎండుతుంది. అంటే ఆరనిస్తేనే కల్లు, ఆరనివ్వకుంటేనే కరువు! అందుకే నేను “మానె”ను “ఆగిపోయె” అన్న అర్థంలో పట్టుకున్నా:

ఈత మెట్టు జూడ నేడేడు గుర్తులు
ఎదురు బుగ్గ గీత యేటి కొకటి
ఆరనిచ్చి గీయ నమృతమే లొట్టికి
గాటు మానెనేని కరువు వచ్చు

నిర్వాహకుడు:
నా లెక్కలో ఈ వారం పద్యం ఇదే. ఏటా ఎదుటి పక్కకు గాటు మారుస్తారు కాబట్టి ఈత మాను వంకర మెట్లుగా పెరుగుతుంది. ఆ మెట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలుస్తుంది. దాన్ని “ఎదురు బుగ్గ” అనడం బాగుంది. ఒకే పక్క వరుసగా చెక్కితే కాండం సన్నబడి గాలికి విరుగుతుంది.

ధర్మసాగరం:
తీపి పద్యాల నడుమ ఒక చేదుది:

చెట్టు లేక యున్న చెరువు నీళ్ళకు మందు
కలిపి చక్కెరేసి కల్లటండ్రు
కత్తి మూలబడగ కల్తీయె మిగిలెను
గాటు మానెనేని కరువు వచ్చు

పరకాల పద్యం:
“కల్లటండ్రు”! కల్లు అటండ్రు, కల్ల అటండ్రు, రెండూ పలుకుతున్నాయి. “నీళ్ళకు మందు కలిపి” కంటే “నీళ్ళలో” సహజం గానీ, అది పెడితే గణం విరుగుతుంది. ఉండనివ్వండి.

మోకు–ముత్తాదు:
పద్యంలో “మందు” అని ఊరుకున్నారు. అది క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం లాంటి మత్తుమందు. అలవాటైనవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా వస్తాయి, దవాఖానాకే తీసుకుపోవాలి. గుర్తు పట్టడానికి చిన్న ఉపాయం: చెట్టు కల్లు పొద్దున తీపి, పొద్దెక్కేకొద్దీ పులుపు, అడుగున తెల్లటి మడ్డి. చక్కెర బదులు శాక్రిన్ (కృత్రిమ తీపి) పడింది మాత్రం మాపటికి కూడా అదే తీపి. ఈస్ట్ దాన్ని తినదు మరి. రుచి మారకపోతే అనుమానించాలి. మందు కలిపింది మాత్రం రుచికి దొరక్కపోవచ్చు, అక్కడ ఈ ఉపాయాన్ని నమ్మొద్దు.

కొత్త కలం:
తప్పులు దిద్దినందుకు దండాలు. కల్లు తాగే రేక గురించి పద్యం రాద్దామనుకుంటున్నా. పచ్చి తాటాకే పట్టాలా, ఎండిందైనా సరేనా?

మోకు–ముత్తాదు:
పచ్చిదే. ఎండాకు మడతలో పగిలి, కల్లు మోచేతి దాకా కారుతుంది. రెండు చేతులతో దోనెలాగా పట్టి, కొస పెదవికి ఆనించాలి. పోసేవాళ్లు లొట్టి మూతికి తాటి పీచు అడ్డం పెట్టి వంపితే తేనెటీగలు, చీమలు రేకలోకి రావు. ధార సన్నగా ఉండాలి, గుమ్మరిస్తే నురుగు ముక్కులోకి పోతుంది.

నిర్వాహకుడు:
అయితే వచ్చే వారానికి నురుగే. తేటగీతి పాదం: “నిండు లొట్టికి నురుగులే నిప్పులయ్యె”. యతి ని–ని. శనివారం రాత్రిలోగా పంపండి. సున్నం సంగతి మళ్లీ మరవొద్దు తమ్మీ.