కత్తి 'మేకర్' అంటే చేసినవాడా, చేయించినవాడా?

పెద్దలకు నమస్కారం. ఒక పాత కత్తి వివరాలు తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. జానెడుకు మించిన అలుగు, కొమ్ము పిడి. అలుగు మొదట్లో, పిడికి ఆనుకుని మూడు వరసల అక్షరాలు కొట్టి ఉన్నాయి. మొదటి వరస సగం తుప్పు తినేసింది, '...టెన్‌హోమ్ అండ్ సన్' అన్నంత మిగిలింది. రెండో వరస 'వాషింగ్టన్ వర్క్స్'. దాని కింద 'ఐ ఎక్స్ ఎల్', ఐకీ ఎక్స్‌కీ మధ్య చిన్న నక్షత్రం. రోమన్ అంకె అనుకుందామంటే లెక్క కుదరడం లేదు. ప్రస్తుతానికి 'తయారీదారు: వాషింగ్టన్ వర్క్స్, అమెరికా' అని రాసి పెట్టాను. 'మేకర్'కి 'తయారీదారు' సరిపోతుందా? కత్తి పక్కన ఆ మాట ఏదో ఫ్యాక్టరీ బిల్లులా ఉంది.

— మాట సంగతి తర్వాత, ముందు అమెరికా కొట్టేయండి. అది జార్జ్ వోస్టెన్‌హోమ్ అండ్ సన్, ఊరు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్. వాళ్ల సరుకు ఎక్కువగా అమెరికాకే వెళ్లేది. అందుకే 1848లో తీసుకున్న కార్ఖానాకు వాషింగ్టన్ వర్క్స్ అని పేరు పెట్టుకున్నారు. ఇక మీ రోమన్ అంకె అంకే కాదు. ఆ మూడు అక్షరాలూ గబగబా పైకి చదవండి: 'ఐ ఎక్సెల్'. అంటే 'నేనే మిన్న' అని. ఇంగ్లీషువాళ్ల శ్లేష!

— ఇప్పుడు మాట సంగతి. మన భాషలో 'చేయు' వేరు, 'చేయించు' వేరు. ఇంగ్లీషు 'మేకర్' ఈ రెండింటినీ ఒకే సంచిలో వేస్తుంది. షెఫీల్డ్‌లో ఒక కత్తి ఒక్క మనిషి చేతిలో పూర్తయ్యేది కాదు. అలుగు సాగగొట్టేవాడు ఒకడు, సానపట్టేవాడు ఇంకొకడు, పిడి బిగించేవాడు వేరొకడు. వీళ్లెవరి పేరూ కత్తి మీద ఉండదు. ఉండేది చేయించిన సంస్థ పేరు. కొన్నిటి మీద అదీ ఉండదు, అమ్మిన దుకాణం పేరు కొట్టి ఉంటుంది. కాబట్టి 'చేయించినవారు' అని రాస్తే అబద్ధం ఉండదు. 'కమ్మరి' అని మాత్రం రాయకండి, అది మొదటివాడి పని ఒక్కటే.

— 'చేయించినవారు' అంటే కొనేవాడు ఆర్డరిచ్చి చేయించుకున్నట్టు లేదూ? గుళ్లో గంట మీద రాసినట్టుంది.

— నిజమే, ఆ ధ్వని ఉంది. అయితే 'ముద్ర: వోస్టెన్‌హోమ్ అండ్ సన్' అని వదిలేయండి. కత్తి మీద కంటికి కనిపించేది ముద్రే కదా, దాని వెనక ఎవరున్నారో చదివేవాళ్లే తేల్చుకుంటారు. పైగా పేరున్న ముద్రలకు నకళ్లు కొట్టడం ఆ రోజుల్లోనే ఉంది.

మళ్లీ నేనే. 'ముద్ర' బాగుంది. ఇంకో కత్తి మీద 'కాస్ట్ స్టీల్' అని మాత్రమే ఉంది, పేరు లేదు. 'పోత ఉక్కు' అని రాశాను. ఇదైనా సరేనా?

— అక్కడే చాలామంది బోల్తా పడతారు. పోత అనగానే కత్తిని అచ్చులో పోశారనుకుంటాం. 1740లలో షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, స్ప్రింగులకు మంచి ఉక్కు దొరక్క, మట్టి మూసల్లో ఉక్కును కరిగించి దిమ్మలుగా పోశాడు. పోసింది ఆ దిమ్మను. కత్తిని మాత్రం దాన్ని కాల్చి, సుత్తితో సాగగొట్టి చేసేవారు. అందుకని 'మూస ఉక్కు' అనండి. మూస అంటే లోహం కరిగించే మట్టిపాత్ర, సంస్కృతంలో మూషా. ఇప్పుడు 'మూస కథ' అని తిట్టడానికి వాడుతున్నాం గానీ అసలు అర్థం ఇదే. మూసలో ఉక్కు చేయడం మన దేశానికి అంతకు చాలా ముందే తెలుసు. ఆ ఉక్కును ఇంగ్లీషువాళ్లు 'వూట్జ్' అన్నారు, అది మన తెలుగు, కన్నడాల 'ఉక్కు' మాటే నోరు తిరగక అలా అయిందంటారు.

— కాలం రాసేటప్పుడు కూడా జాగ్రత్త. 'ఇంగ్లండ్' అని దేశం పేరు లేదు కాబట్టి 1891కి ముందుదే అని ఖాయం చేయకండి. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని 1890లో చట్టం చేసింది అమెరికా, ఆ మరుసటి ఏడు నుంచి అమలైంది. వేరే దేశాలకు పంపిన వాటికి ఆ నియమంతో పని లేదు. పేరుంటే 1891 తర్వాతిది కావచ్చు అనుకోవచ్చు, లేకపోతే ఏమీ తేలదు. అన్నట్టు తుప్పును గరుకు కాగితంతో రుద్దకండి, మిగిలిన నాలుగక్షరాలూ పోతాయి. పక్క నుంచి టార్చి వేయండి, లేదా పల్చటి కాగితం పరిచి పెన్సిలు పడుకోబెట్టి మెల్లగా రుద్దండి.

పెన్సిలు పని చేసింది! 'టెన్'కు ముందు 'ఎస్' వంపు సగం పడింది. ఇలా మార్చాను: 'ముద్ర: (జార్జ్ వో)స్టెన్‌హోమ్ అండ్ సన్, వాషింగ్టన్ వర్క్స్. కుండలీకరణాల్లోవి చెరిగిపోయిన అక్షరాలు. ఊరు: షెఫీల్డ్. ముద్ర అసలుదైతే కాలం 1848 తర్వాత. అలుగు మొదట్లో కొట్టినది.'

— అంతా బాగుంది గానీ 'అలుగు' ఎందుకండీ? చెరువు అలుగో, పొలుసుల జంతువో అనుకుంటారు.

— నిఘంటువుల్లో కత్తి అలుగు, బాణం అలుగు ఉన్నాయి. పిడి మాట పక్కనే ఉన్నాక చెరువెవరికి గుర్తొస్తుంది?

— నాకొచ్చింది.