అమెరికాల ఎపిస్కోపల్ చర్చికి రమ్మన్నరు, లోపల ఎట్లుంటది?

ప్రశ్న: హన్మకొండ తాత

అందరికి నమస్తే. మాది నయీంనగర్. సెప్టెంబర్ల మేమిద్దరం అమెరికాల ఉన్న బిడ్డ దగ్గరికి పోతున్నం. మనుమరాలు పోయే నర్సరీ బడి అక్కడి ఎపిస్కోపల్ చర్చి వాళ్లదట. ఒక ఆదివారం ఆరాధనల పిల్లలతోని పాట పాడిస్తరట, అమ్మమ్మ తాతలను గూడ తీస్కరమ్మని టీచరమ్మ చెప్పింది. పిల్ల పాడుతుంటే చూడకుండ ఉంటమా, పోతం. కని మేము భద్రకాళి గుడికి పోయేటోళ్లం. కాజీపేట ఫాతిమా చర్చి ముంగటికెళ్లి ఏండ్ల తరబడి తిరిగిన గని లోపల ఆరాధన జరుగుతుంటె ఎన్నడు కూసోలె.

చెప్పులు బయట ఇడువాల్నా? మా ఇంటామె చీర, బొట్టుతోని వస్తది, ఏమన్న అనుకుంటరా? అందరి ముందల నిలబెట్టి పేరు చెప్పమంటరా? అన్నిటికంటె పెద్ద రంది: రొట్టె, ద్రాక్షరసం ఇస్తరంట గదా. గుళ్ల ప్రసాదం వద్దంటే తప్పు. ఇది గూడ అట్లనేనా? తీసుకుంటె మతం మారినట్టు లెక్కనా?

జవాబు: డల్లాస్ పోరడు

అంకుల్, మాది గూడ హన్మకొండనే, బాప్టిస్టు సంఘం. ఇక్కడ ఫ్రెండ్ పిలిస్తె పోయిన. ముందల సిలువ పట్టుకొని ఒకరు, ఎనుక కొవ్వొత్తులు, తెల్ల అంగీలేసుకున్న పాటలోళ్లు, ఆఖరికి అయ్యగారు. కాథలిక్కుల దానికి వచ్చిననా అని డౌటొచ్చింది. మన దగ్గర ప్రసంగం గంటకు తక్కువైతే ప్రసంగమే కాదంటరు, ఇక్కడ పావుగంటల ముగించిన్రు. లేసుడు, కూసునుడు, మోకాళ్లూనుడు, మళ్ల లేసుడు. నాకైతే అంత ఎక్కలేదు. కని మనుషులు మంచోళ్లు, మతం మార్చుకొమ్మని నన్నెవరు అడగలె.

జవాబు: కరీంనగర్ సిస్టరమ్మ

అన్నా నమస్తే. నేను సీఎస్ఐల, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలనే పుట్టి పెరిగిన, నర్సు నౌకరి చేసి రిటైరైన. కొడుకు దగ్గరికి వచ్చినప్పుడల్లా నడిచిపోయేంత దూరంల ఉన్నదని ఎపిస్కోపల్ చర్చికే పోత.

పై తమ్మునికి కాథలిక్కుల లెక్క కనబడ్డదంటె ఆశ్చర్యం లేదు. అది ఇంగ్లండు చర్చిల నుంచి వచ్చిన శాఖ, అమెరికాకు స్వతంత్రం వచ్చినంక 1789ల సొంతంగ నిలబడ్డది. పోపు కింద ఉండదు గని బిషప్పులుంటరు, ఆరాధన క్రమం పుస్తకం ప్రకారమే నడుస్తది. మా సీఎస్ఐల 1947ల ఆంగ్లికన్లు (అంటే ఆ ఇంగ్లండు చర్చి శాఖోళ్లు), మెథడిస్టులు, ఇంక కొన్ని సంఘాలోళ్లు కలిసిన్రు, అట్ల మేమూ వాళ్లకు చుట్టాలమే. మీకు దగ్గర్లున్న డోర్నకల్‌కు 1912ల బిషప్ అయిన అజరయ్యగారే ఆంగ్లికన్లల్ల మొట్టమొదటి భారతీయ బిషప్.

చెప్పులు ఇడువొద్దు, బూట్లతోనే కూసుంటరు. చీర, బొట్టు బేఫికర్. పక్కన పెద్దామె చీర మెచ్చుకొని పది ప్రశ్నలడుగుతది, అంతే. కొన్ని చోట్ల కొత్తగ వచ్చినోళ్లున్నరా అని అడుగుతరు, చెయ్యి ఎత్తకపోతె ఎవరు పట్టించుకోరు. కానుకల పళ్లెం వస్తె పక్కోళ్లకు అందియ్యున్రి, ఏమన్న ఎయ్యాల్నని లేదు.

తలుపు కాడ ఒక కాగితాల బొత్తి ఇస్తరు, పాటలు, ప్రార్థనలు ఏది ఎప్పుడో అండ్లనే ఉంటది. అది లేకుంటె బెంచీ ఎనుక అరల ప్రార్థన పుస్తకం ఉంటది, ఇప్పుడు వాడేది 1979 నాటిది, ఎక్కువ చోట్ల ఎర్ర అట్ట. ముందటి వరుసల కూసోవద్దు. మధ్యల కూసుంటె ముందలోళ్లు లేసినప్పుడు లేవొచ్చు, కూసున్నప్పుడు కూసోవచ్చు. సువార్త, అంటే బైబిల్ల యేసు కథ ఉన్న భాగం, చదివేటప్పుడైతె అందరు నిలబడ్తరు, మీరు గూడ నిలబడితె బాగుంటది. మోకాళ్ల నొప్పులున్నోళ్లు మోకాళ్లూనరు, తల వంచుకొని కూసుంటరు.

అయ్యగారు ఆడమనిషైతె ఇచ్చంత్రపడకున్రి. 1976 నుంచే వాళ్ల దగ్గర ఆడోళ్లకు గురువు పట్టం ఇయ్యొచ్చని ఒప్పుకున్నరు. మా సీఎస్ఐల నంద్యాల పుష్పలలితమ్మ 2013ల బిషప్ అయింది.

సగంల అయ్యగారు ప్రభువు సమాధానం మీకు తోడుండాలె అని అంటరు. అప్పటిదాక గప్‌చుప్ ఉన్న జనమంత ఒక్కసారి లేసి, ఒకరి చేతులొకరు పట్టుకొనుడు మొదలుపెడ్తరు. బెంచీలు దాటి మీ కాడికి గూడ వస్తరు. మీరు నమస్తే పెట్టినా సరిపోతది. ఇది చూస్తె నాకు జర గర్వమే. 1950ల మా సీఎస్ఐ తన ఆరాధన క్రమంల ఈ చేతులు కలుపుడు పెట్టుకున్నది, పడమటి చర్చిలల్ల ఇది మళ్ల మామూలైంది ఆ తర్వాతనే.

ఇగ రొట్టె సంగతి. ఇది ప్రసాదం లెక్క కాదన్నా. గుళ్ల ప్రసాదం వచ్చినోళ్లందరికి, ఇది బాప్తిస్మం తీసుకున్నోళ్లకు. వద్దంటె ఎవరు చిన్నబుచ్చుకోరు. వరుస వెంబడి వరుస లేసి ముందటికి పోయి, కటకటాల లెక్కున్న చెక్క గట్టు కాడ మోకాళ్లూనుతరు. కుడి అరచెయ్యి ఎడమ దాని మీద పెడితె, అయ్యగారు రూపాయి బిళ్లంత పల్చటి అప్పం పెడ్తరు. ఎనుక ఇంకొకరు వెండి గిన్నె పట్టుకొని వస్తరు. అండ్ల నిజం ద్రాక్షసారాయే ఉంటది, అందరికి ఒకటే గిన్నె. నావి నర్సు కండ్లు, నేను గిన్నెను చూడలె, వాళ్ల చేతులున్న తెల్ల గుడ్డనే చూసిన. ఒకరు తాగినంక అంచు తుడుస్తరు, గిన్నె జర తిప్పి తర్వాతోళ్లకు ఇస్తరు. అయినా ఇష్టం లేనోళ్లు కొందరు అప్పం అంచు అండ్ల ముంచుకుంటరు.

మీరు లేవకుండ కూసోవచ్చు, కాళ్లు జరిపి పక్కోళ్లకు తొవ్వ ఇస్తె చాలు. మనుమరాలి తోటి ముందటికి పోదామనిపిస్తె రెండు చేతులు ఛాతి మీద అడ్డంగ పెట్టుకోండ్రి. అప్పుడు రొట్టె ఇయ్యరు, తల మీద చెయ్యి పెట్టి దీవిస్తరు. అది గూడ మీ ఇష్టమే. పిల్ల మాత్రం తోటి పిల్లలను చూసి చెయ్యి సాపుతది, బిడ్డకు ముందే చెప్పి పెట్టున్రి.

ఇంకొకటి, చాన చోట్ల పొద్దున ఎనిమిదింటికొకటి, పదింటికో పదిన్నరకో ఇంకొకటి, రెండు ఆరాధనలుంటయి. ఎనిమిదింటి దాంట్ల పాటలే ఉండవు. పిల్లలు పాడేది రెండోదే అయితది, అయినా టీచరమ్మను అడుగున్రి.

హన్మకొండ తాత

సిస్టరమ్మా, శానార్తులు. ఛాతి మీద చేతులు పెట్టుడు మా ఇంటామెకు చూపిస్తె నవ్వింది గని ఒప్పుకున్నది. అయిపోయినంక కాఫీ ఉంటదన్నరట. ఈమె గుడ్డు గూడ ముట్టదు.

కరీంనగర్ సిస్టరమ్మ

కాఫీకి ఉండున్రి, అసలు ముచ్చట్లన్ని ఆడనే. అయ్యగారు తలుపు కాడ నిలబడి చేతులు కలుపుతరు, ఆన్నించి పక్క హాల్లకు పోతరు. కేకులల్ల, బిస్కెట్లల్ల గుడ్డు ఉంటదనే అనుకోండ్రి. పండ్ల ముక్కలు ఉంటె తినొచ్చు. కాఫీ నల్లగ ఉంటది, పాలు, చక్కెర మీరే కలుపుకోవాలె, వదినెకు జర ఎక్కువే పొయ్యున్రి.