బొబ్బిలి యుద్ధం ప్రాజెక్టు: ఓర్మ్ రాసింది ప్రైమరీనా, సెకండరీనా?

నాగావళి_ఒడ్డు: ఎం.ఏ. ప్రాజెక్టు బొబ్బిలి యుద్ధం మీద. రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్ర, మన పాటలు రెండూ చదువుతున్నాను. ఏది ప్రైమరీ (ఆ కాలపు నేరు ఆధారం), ఏది సెకండరీ (వాటిని పట్టుకుని తర్వాత రాసింది) అని పట్టిక వేసి తెమ్మన్నారు మా గైడ్ గారు. ఓర్మ్‌ను ఎందులో వెయ్యాలో తేలక టెన్షన్‌గా ఉంది.

పాతకాగితం: యుద్ధం 1757 జనవరి 24న. ఓర్మ్ అప్పుడు మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడు. ఆ ఘట్టం అచ్చయింది 1778లో, లండన్‌లో. కోటలో ఏం జరిగిందన్నదే మీ ప్రశ్న అయితే అతనిది విన్నమాట. ఇంగ్లీషువాళ్లు ఈ యుద్ధాన్ని ఎలా చెప్పుకున్నారన్నది ప్రశ్న అయితే నిక్షేపంగా ప్రైమరీ. ముందు ప్రశ్న తేల్చుకోండి, పట్టిక దానంతటదే వస్తుంది.

గోస్తనీ: బొబ్బిలి మీదికి వచ్చిన విజయనగరం రాజు విజయరామరాజు హత్య ఒక్కటే తీసుకుని చూడండి నాగావళి గారూ. మన పాటల్లో ఆ పని చేసింది తాండ్ర పాపారాయుడు. ఓర్మ్ చెప్పేది వేరు. నలుగురు బొబ్బిలి సైనికులు రాత్రి పొద్దుపోయేదాకా కోటలో నక్కి, గోడ దిగి బయటపడ్డారు. అందులో ఇద్దరు డేరాలో దూరి రాజును పొడిచారు. ఒంటిమీద 32 గాయాలట! మద్రాసులో ఉన్న మనిషికి ఆ లెక్క ఎవరు చెప్పారు? కోటను ముట్టడించిన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంలోంచి ఎవరో చెప్పి ఉండాలి. నన్నడిగితే మీ ప్రాజెక్టుకి ఆ ఒక్క పేజీ చాలు.

పాతకాగితం: ఇంకో సంగతి. 1907 నాటి ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటియర్‌లోనూ (జిల్లా వివరాల సర్కారు పుస్తకం) ఈ కథ కనిపిస్తుంది. అయ్యో, రెండో సాక్షి దొరికాడని సంబరపడకండి, అది ఓర్మ్ మాటే. తర్వాతి పుస్తకాలు పది ఒకే మాట చెప్పినా, అందరూ ఒకరి దగ్గరే ఎత్తుకుని ఉంటే సాక్షి ఒక్కడే.

కైఫియత్_పిచ్చి: తెలుగు కాగితాలు చదివితే తేదీల దగ్గర జాగ్రత్త. ఎక్కువగా సంవత్సరం పేరే ఉంటుంది. యుద్ధం జరిగింది ధాత నామ సంవత్సరంలో. ధాత 1756 ఉగాదికి మొదలై 1757 ఉగాదికి ముగుస్తుంది కాబట్టి, జనవరి సంగతిని 1756లో వేసేస్తుంటారు. పైగా అరవై ఏళ్లకోసారి పేరు తిరిగొస్తుంది, 1816-17 కూడా ధాతే. పక్కన శక సంవత్సరం ఉందేమో చూసుకోవాలి.

వీణ_బొబ్బిలి: అందరూ తేదీల మీద పడ్డారు. పాటను పనికిరాదని పక్కన పడేయొద్దండీ. ఎన్ని తుపాకులు పేలాయో దాన్ని అడిగితే ఏం చెబుతుంది? వందేళ్ల తర్వాత కూడా మావాళ్లు ఎవరిని వీరుడన్నారో, ఎవరిని ద్రోహి అన్నారో అడగండి, అక్కడ ఓర్మ్ నోరెత్తలేడు.

గోస్తనీ: మరి విజయనగరం వైపు పాట ఎవరు వింటారు వీణ గారూ?

వీణ_బొబ్బిలి: 😀 పాడితే వింటాం.

నాగావళి_ఒడ్డు: థాంక్సండీ. పట్టికలో ‘ఏ ప్రశ్నకు’ అని ఇంకో గడి పెట్టాను. ఓర్మ్ రెండు చోట్లా పడ్డాడు. గైడ్ గారు ఏమంటారో సోమవారం చెబుతాను.