వెనక నడిచేవాళ్లకు వినబడే స్పీకర్లు ఏవన్నా?

అన్నా, మాది చిత్తూరు. ఏటా మా వీధోళ్లం తిరుమలకు నడిచిపోతాం. ముందు టాటా ఏస్‌లో గోవిందనామాలు, వెనక మేము. పోయినేడు చంద్రగిరి దగ్గర వాన పట్టుకునింది. ఇంట్లో వాడే స్పీకర్లు, కాగితం కోన్ నాని అప్పడం మాదిరి మెత్తబడింది. చివర్లో నడిచే మా అవ్వకు ఒక్క నామమూ వినబడలా. ఈసారి ఏం కొనాల?

జవాబు 1:
తమ్ముడూ, వేక్‌బోర్డింగ్ పడవలకు పైన ఎత్తు కమ్మీకి బిగించే టవర్ స్పీకర్లు చూడు. తాడు పట్టుకుని పలక మీద జారేవాడు పడవకు దాదాపు 20 మీటర్లు వెనకుంటాడు. ఇంజను మోత, గాలి, నీళ్లు. మీ అవ్వ కష్టం కూడా అదే కదా! వాటిలో కోన్ చాలావరకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, నీళ్లు పీల్చదు. డబ్బా మీద పెద్దగా వేసే మ్యాక్స్ వాట్లు నమ్మొద్దు, ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా మోయగల పవర్, చూడు. అంతకన్నా ముందు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత మోత వస్తుందో, చూడు. అది 3 డెసిబెల్స్ ఎక్కువుంటే సగం పవర్‌కే అంత మోత వస్తుంది.

జవాబు 2:
వానకు ఐపీ65, అంటే దుమ్మునీ నీటి జల్లునీ ఆపే రేటింగ్, చాలు సామీ. దూరం రెట్టింపైతే బయట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి తలలకంటే ఎత్తులో, వెనక్కి తిప్పి బిగించండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ మరవద్దు.

అడిగినవాడు:
సరే అన్నా. కొన్నాక అవ్వను వీధి చివర నిలబెట్టి ఒకసారి వినిపిస్తా.